చేత్తో వేప్ తయారీ: కొత్తగా దిగేవారికి ఓ పెద్దమనిషి సలహాలు

పాన్ డబ్బా వెనకాల చాటుగా అమ్ముతున్న ప్లాస్టిక్ వేప్‌లు చూసి మీ మనసు చివుక్కుమందంటే, మీలో ఒక కళాకారుడు మేలుకున్నాడని అర్థం. షెన్‌జెన్ ఫ్యాక్టరీల్లో లెక్కాపత్రం లేకుండా ఊడిపడే ఆ గొట్టాలకు ఒక రూపమా, ఒక బరువా? అదే రోజ్‌వుడ్ ఒళ్లు, ఇత్తడి మూతి, అడుగున ‘7/25’ అని చెక్కిన నంబరు ఉంటే దాని దర్జాయే వేరు. బ్యాచ్‌కి పాతికే చేస్తారు. ఇరవై ఆరోవాడు వచ్చి కాళ్లు పట్టుకున్నా లేదంటారు.

ఇది గాలిలో మేడ కాదు. 2010 తర్వాత అమెరికాలో, ఫిలిప్పీన్స్‌లో, ఇటలీలో, గ్రీసులో చాలామంది గ్యారేజీల్లో కూర్చుని ఇలాంటివి చేశారు. కొనేవాళ్లు వందల డాలర్లు పట్టుకుని వరసలో నిలబడ్డారు. వాళ్లలో అసలైన పనివాళ్లు కొందరు ఉన్నారు. వాళ్లు చేసిన తప్పు ఒక్కటే. కనబడని చోట కూడా పని చేశారు. స్విచ్చు కింద స్ప్రింగు, బ్యాటరీ పక్కన ఇన్సులేటర్, అడుగున గాలి రంధ్రాలు అంటూ ఫొటోలో పడని వాటి మీద నెలలు తగలేశారు. మీరు ఆ పొరపాటు చేయకూడదనే ఈ నాలుగు మాటలు. పైన పటారం, లోన లొటారం అన్న మాటను మనవాళ్లు అన్యాయంగా తిట్టు కింద వాడుతున్నారు. కుటీర పరిశ్రమకు అంతకంటే చవకైన సూత్రం మరొకటి లేదు.

లోపల ఏముంటుందో ఒక్కసారి తెలుసుకుని వెంటనే మరిచిపోదాం. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉన్న లిథియం సెల్ ఒకటి. దాన్ని 18650 అంటారు. పాత లాప్‌టాప్ బ్యాటరీల్లో ఉండేది అదే, టెస్లా మొదటి కారు రోడ్‌స్టర్‌లో వేల కొద్దీ పేర్చిందీ అదే. దాని పైన ఒక స్విచ్చు, ఆ పైన తీగ చుట్ట, చుట్టలో దూది, దూదికి అంటిన ద్రవం. మీట నొక్కితే తీగ కాలుతుంది, ద్రవం ఆవిరవుతుంది. కొన్నింటిలో మధ్యన ఒక చిప్పు కూడా ఉంటుంది. షార్టయితే కరెంటు ఆపేస్తుంది, సెల్ మరీ దిగిపోతే పని మానేస్తుంది. అంటే మీ కళాఖండానికి ఎవరో చైనా ఇంజినీరు మేనమామలాగా కాపలా కాయడం! తీసి పారేయండి. చిప్పు లేనిదాన్ని మెకానికల్ మాడ్ అంటారు. పేరులోనే పౌరుషం ఉంది. సోల్డరింగ్ రాకపోయినా ఫరవాలేదన్న సౌకర్యం కూడా ఉంది.

ఇక కర్ర. అసలు పెట్టుబడి ఇక్కడే.

అందరూ వాడే వాల్‌నట్, మేపుల్ మీకొద్దు. మన గడ్డ మీద ఎర్రచందనం ఉండగా పరాయి కర్ర ఎందుకు? శేషాచలం, నల్లమల చుట్టుపక్కల తూర్పు కనుమల దక్షిణపు కొసన తప్ప భూమ్మీద ఇంకెక్కడా అది సహజంగా పెరగదు. అంతర్జాతీయ వ్యాపారంలో అదుపు పెట్టాల్సిన చెట్ల పట్టికలో దాని పేరు ఎప్పుడో ఎక్కింది. అంతరించే ప్రమాదం ఉందని లోకమంతా చెబుతోంది. కొనేవాడికి చెప్పడానికి ఇంతకంటే మంచి కథ దొరుకుతుందా? బిల్లు ఉన్న దుంగ కంటే బిల్లు లేని దుంగకు కథ ఇంకా ఎక్కువ. దారిలో అటవీ శాఖ చెక్‌పోస్టువాళ్లు ఆపితే అది ముడిసరుకు కాదనీ, పాతిక వేప్‌ల పుట్టుక ముందు దశ అనీ ఓపిగ్గా వివరించండి.

కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి వైపు మాత్రం వెళ్లకండి. గోరు గుచ్చితే దిగేంత మెత్తన. పైగా చాలా తేలిక. చేతిలో బరువు లేకపోతే ధర చెప్పడానికి నోరు రాదు.

కర్ర ఆరాలంటారు వడ్రంగులు. అంగుళం మందానికి ఏడాది ఆరబెట్టాలని వాళ్ల లెక్క. అంత ఓపిక ఉన్నవాళ్లు వ్యాపారాలు చేయరు. విదేశీ పనివాళ్లు దీనికి ఇంకో తతంగం పెట్టుకున్నారు. ముక్కను ఓవెన్‌లో పూర్తిగా ఆరబెట్టి, గాలి తీసేసే కుండలో రెజిన్‌లో ముంచి, కర్ర రంధ్రాల్లోని గాలంతా బుడగలుగా పోయాక, మళ్లీ 90 డిగ్రీల వేడిలో పెట్టి గట్టిపరుస్తారు. అలా చేసిన కర్ర నీటిని పీల్చదు, ఉబ్బదు, పగలదు. మరి దానిలో కర్ర గుణం ఏం మిగిలింది చెప్పండి? మీరు పైపైన ఫెవికాల్ రాసి ఎండలో పెట్టండి. వానాకాలం రాగానే కర్ర తన స్వభావం చూపిస్తుంది. నారకు అడ్డంగా ఉబ్బుతుంది, అదీ అన్ని వైపులా ఒకేలా ఉబ్బదు కాబట్టి, మీరు గుండ్రంగా తొలిచిన రంధ్రం కోలగా మారి వదులవుతుంది. సెల్ లోపల గలగలలాడుతుంది. తయారీలో సంగీతం కూడా ఉందని కార్డు మీద అచ్చువేయించండి. వేసవిలో కర్ర ఎండి కుంచించుకుని అదే సెల్ లోపల ఇరుక్కుని బయటికి రాకపోతే, దొంగతనం నుంచి రక్షణ అనండి.

పొట్టు గురించి భయపెట్టేవాళ్లు కొందరుంటారు. రోజ్‌వుడ్ జాతి పొట్టు చాలామందికి పడదు, దురద, దద్దుర్లు, ఆయాసం వస్తాయని. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క పొట్టును మొదటి వర్గంలో, అంటే పొగాకు పొగ ఉన్న వర్గంలోనే చేర్చింది కూడా. బ్రాండుకు ఇంత పొందిక అడిగినా దొరకదు. మాస్కు పెట్టుకుంటే కళ్లద్దాల మీద ఆవిరి పట్టి వీడియో పాడవుతుంది.

పైపూతకు లక్క తప్ప వేరే ఆలోచన వద్దు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక వెళ్లి చూడండి. అంకుడు కర్రను లేత్‌కు బిగించి, గిర్రున తిరుగుతుండగా రంగు లక్క కడ్డీని దానికి నొక్కిపెడతారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రంతా పరుచుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. గింజలు, బెరళ్లు, వేళ్ల నుంచి తీసిన రంగులవి, పసిపిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలకు వాడేవి. దీన్ని మీ వేప్ మీద వేయండి. రాపిడి వేడికే కరిగే పూత, తీగ ఎర్రగా కాలే పరికరం మీద ఎలా నిలుస్తుందని ఎవరైనా అనుమానపడితే మాత్రం మాట మార్చాలి. నాలుగు దమ్ములు వరసగా లాగాక లక్క మెత్తబడి వేళ్లకు అంటుకుంటుంది. కొనుగోలుదారుడికీ వస్తువుకూ మధ్య బంధం ఏర్పడిందన్నమాట. ఆ ఊరివాళ్లు మీ వంక వింతగా చూస్తే పట్టించుకోకండి. వాళ్లు వందేళ్లకు పైగా బొమ్మలే చేస్తున్నారు, ఎదుగుదల లేదు.

లోహం విషయంలో పెద్దగా చెప్పేది లేదు. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షెడ్డు వెతుక్కుని, కోతకు ఏ రాడ్డు హాయిగా ఉంటే అది ఇమ్మనండి. లేత్ మీద వెన్నలా తెగే ఇత్తడిలో 3 శాతం దాకా సీసం కలుస్తుంది, అది ఉండబట్టే పొట్టు తీగల్లా సాగకుండా పొడిలా రాలుతుంది. నోటికి తగిలే మూతి తప్పకుండా దీంతోనే చేయించండి. స్టెయిన్‌లెస్ స్టీలు అంటే లేత్ మేస్త్రీ మొహం ముడుచుకుంటుంది. మేస్త్రీని నొప్పించకూడదు. పైభాగం బిగించే జాయింటును 510 అంటారు, 7 మిల్లీమీటర్ల మర, అర మిల్లీమీటరు పిచ్. ఆ ట్యాపు షెడ్డులో ఉండదు. ఉన్న 8 ఎంఎం ట్యాపుతో కొట్టించి, వదులును నల్లాలకు చుట్టే తెల్ల టేపుతో సరిపెట్టండి. ఆ టేపు కరెంటును రానివ్వదని, మీట నొక్కినా వెలగదని కంప్లైంటు వస్తే, పొగ మానిపించడమే ఈ మోడల్ ప్రత్యేకత అనండి. నిజానికి ఈ వ్యాసం మొత్తంలో ఎవరికీ హాని చేయని సలహా ఇదొక్కటే.

ఇత్తడిని సొంతంగా పోతపోయాలనే పట్టుదల ఉన్నవాళ్లు కిటికీలు మూసి వంటింట్లోనే మూస పెట్టుకోవచ్చు. కరిగేటప్పుడు లేచే తెల్లటి పొగ ఇత్తడిలోని జింకు కాలగా వచ్చింది. సాయంత్రానికి చలిజ్వరం, ఒళ్లునొప్పులు పట్టుకుంటాయి. పోతపనివాళ్లకు అది తెలిసిన జ్వరమే. డాక్టరు ఫ్లూ అనుకుని మాత్రలిస్తాడు, మీరు వాతావరణం మారిందని సరిపెట్టుకోండి. చిలుము పట్టిన ముక్కలను చింతపండుతో తోమకండి. పచ్చ చిలుముకు పురాతన వస్తువు ధర పలుకుతుంది. చిలుము పట్టిన చోట కరెంటు సరిగా పారక జాయింటు కాలుతుంది. చలికాలం చేతులకు వెచ్చగా ఉంటుంది.

వారసత్వం కావాలంటే బీదరు పనిని తలుచుకోండి. జింకులో కొంచెం రాగి కలిపి పోతపోసి, గీతలు చెక్కి వెండి తీగ పొదిగి, బీదరు కోట మట్టి, నవాసాగరం కలిపిన ద్రావణంతో నల్లబరుస్తారు. వెండి మాత్రం తెల్లగా మెరుస్తూ మిగులుతుంది. నవాబుల హుక్కా కుండలు అలా చేసినవే. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో బీదరు పని చూడొచ్చు. ఆ కుండల్లో నీళ్లు పోసేవారు, మీరు లిథియం సెల్ పెడుతున్నారు. ఈ చిన్న తేడాను మీ బ్రోషర్‌లో ఎత్తాల్సిన పని లేదు.

బ్యాటరీ దగ్గర డబ్బు మిగల్చాలి, ఎందుకంటే అది లోపల ఉంటుంది. కోఠీ గుజరాతీ గల్లీలో గానీ ఏ పాత సామాన్ల దుకాణంలో గానీ చచ్చిన లాప్‌టాప్ బ్యాటరీలు తూకానికి దొరుకుతాయి. పగలగొడితే ఆరేసి సెల్స్. వాటిలో రెండు మూడు బతికే ఉంటాయి. పైన ప్లాస్టిక్ తొడుగు చిరిగితే చిరగనివ్వండి. అడుగు నుంచి ఒళ్లంతా నెగటివేననీ, పైన బొడిపె ఒక్కటే పాజిటివ్ అనీ, మధ్యలో ఆ పలచటి తొడుగే అడ్డమనీ, అది చిరిగి ఇత్తడి గొట్టానికి తగిలితే అదే షార్టనీ పుస్తకాల్లో రాస్తారు. పుస్తకాలు రాసేవాళ్లు అమ్మరు.

కొత్తవే కొంటామంటే తొడుగు మీద 9,900 ఎంఏహెచ్ అని రాసినవి తీసుకోండి. ఈ సైజు సెల్‌లో పేరున్న కంపెనీలు 3,500 చుట్టుపక్కల ఆగిపోతాయి. వాళ్లకు ఆశయం తక్కువ.

ఇక్కడ కొంచెం లెక్క ఉంది, త్వరగా దాటేద్దాం. నిండుగా ఛార్జి చేసిన సెల్ 4.2 వోల్టులు. తీగ చుట్ట నిరోధం 0.1 ఓమ్ అనుకుంటే 4.2ను 0.1తో భాగించాలి, 42 ఆంపియర్లు వస్తుంది. లాప్‌టాప్‌లోంచి పీకిన సెల్ 10 ఆంపియర్లు కూడా నిలకడగా ఇవ్వలేదు. మంచి సెల్ అయితే 20, 25. ఓమ్ సూత్రాన్ని పదో తరగతిలో మార్కుల కోసం చదివాం, జీవితంలో వాడాలని ఎవరూ చెప్పలేదు. పెద్ద పొగమబ్బు రావాలంటే నిరోధం తక్కువుండాలి కాబట్టి ఇంకా తగ్గించండి. తీగ కోసం అన్వేషణ అక్కర్లేదు, పాత ఇస్త్రీపెట్టెలో నిక్రోమ్ దొరుకుతుంది. కంపెనీల పరికరాల్లోనే కాలే తీగ నుంచి నికెల్, క్రోమియం, సీసం ఆవిరిలోకి చేరుతున్నాయని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో ప్రచురించారు. ఇస్త్రీపెట్టె తీగ మీద ఎవరూ పరిశోధన చేయలేదు కాబట్టి అది క్షేమం.

గొట్టం అడుగున రంధ్రాలు ఎందుకు పెడతారో చాలామందికి తెలియదు. సెల్ అదుపు తప్పి వేడెక్కితే లోపలి వాయువులు బయటికి తన్నుకొస్తాయి. దారి ఉంటే బుస్సుమని పోతాయి. దారి లేకపోతే గొట్టమే తుపాకీ అవుతుంది, రెండు కొసల్లో ఏది బలహీనమైతే అది తూటా అవుతుంది. మెకానికల్ మాడ్‌లో ఒక కొస నోటికి ఎదురుగా ఉంటుంది. రంధ్రాలు పెడితే కర్ర మీద పూల డిజైను తెగిపోతుంది. మూసేయండి.

అమెరికా ఫైర్ అడ్మినిస్ట్రేషన్ 2009 నుంచి 2016 దాకా వార్తల్లోకెక్కిన ఈ రకం మంటలు, పేలుళ్లు 195 లెక్కకట్టింది. 133 మందికి గాయాలు. వాటిలో 61 సార్లు పరికరమో విడి బ్యాటరీయో జేబులోనే అంటుకుంది. తాళంచెవులూ చిల్లరా ఉన్న జేబులో విడి సెల్ వేసుకున్నవాళ్లు ఈ లెక్కలో ఉన్నారు. తర్వాత 2018 మేలో ఫ్లోరిడాలో 38 ఏళ్ల మనిషి చనిపోయాడు, ముక్కలు తలలోకి దూసుకెళ్లాయి. 2019 జనవరిలో టెక్సస్‌లో 24 ఏళ్ల కుర్రాడికి మెడ రక్తనాళం తెగింది. మీ దగ్గర కొనేవాడు ఈ సంగతి ఎత్తితే జవాబు చెప్పకండి. కర్ర మీద నార ఎంత అందంగా ఉందో చూపించండి. కొనేవాళ్లలో ఎక్కువమంది చూపు తిప్పుకోవడానికి సిద్ధంగానే ఉంటారు.

పరీక్షించడానికి మల్టీమీటరు కొనాల్సిన పని లేదు. బావమరిది ఉన్నాడు కదా. మీరు మాత్రం గోడ అవతల నిలబడండి.

అమ్మకం తేలిక. ‘తాతగారి ఇంటి సింహద్వారం కర్రతో’ అని రాయండి. తాతగారికున్నది ఒక్క తలుపే, బ్యాచ్‌లు మాత్రం ఆగకూడదు. అంకెలు 200 నుంచి మొదలుపెడితే మీరు పాతకాపు అనుకుంటారు. పేరొస్తే మాత్రం జాగ్రత్త. మీరు రెండో బ్యాచ్‌కు పాలిష్ పెట్టేలోపే మీ డిజైనుకు నకలు షెన్‌జెన్‌లో తయారై, మీ ధరలో పదో వంతుకు, మీ నంబరుతో సహా వస్తుంది. గ్యారేజీ పనివాళ్లను దెబ్బతీసినవాటిలో అదొకటి.

రెండోది కాగితం. అమెరికాలో ఉంటున్న మన కుర్రాళ్లు గ్యారేజీ ఖాళీగా ఉందని ఈ పనికి దిగేముందు ఒక సంగతి వినండి. 2016 ఆగస్టు 8 నుంచి వేప్ పరికరాలు, వాటి విడిభాగాలు కూడా అక్కడ పొగాకు ఉత్పత్తుల కిందికొచ్చాయి. 2007 ఫిబ్రవరి 15 తర్వాత మార్కెట్లోకి వచ్చిన ప్రతిదానికీ ఎఫ్‌డీఏ అనుమతి కావాలి. అప్పటికే అమ్ముతున్నవాళ్లు 2020 సెప్టెంబర్ 9లోగా దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. డిజైను మారిస్తే అది కొత్త ఉత్పత్తి. చిన్న పనివాళ్లు చాలామంది అక్కడే చేతులెత్తేశారు. మీరు ఎత్తకండి. ‘నా దగ్గర ఏ రెండు ముక్కలూ ఒకేలా ఉండవు’ అని కొనేవాళ్లకు గర్వంగా చెప్పండి, అదే మాట ఎఫ్‌డీఏకూ రాసివ్వండి. ముక్కకో దరఖాస్తు చొప్పున పాతిక దరఖాస్తులు, పాతిక వేప్‌లు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు కంపెనీ ఉద్యోగం తప్ప వేరే సంపాదన కుదరదు. అది కూడా కళ అని చెప్పి చూడండి.

ఇక ఇక్కడే, ఇంటిపట్టున మొదలుపెట్టేవాళ్లు. 2019 సెప్టెంబర్ 18న వేప్‌ల మీద ఆర్డినెన్స్, డిసెంబరులో చట్టం వచ్చాయి. తయారీ, ఉత్పత్తి, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటన అన్నీ నిషిద్ధం. నేను కొన్ని దారులు వెతికాను. నికోటిన్ లేకుండా తులసి అర్కం పోసి అమ్మొచ్చనుకున్నాను. ‘నికోటిన్ ఉన్నా లేకపోయినా’ అని రాసేశారు. హుక్కా అని పేరు పెడదామంటే ఈ-హుక్కాను కూడా కలిపేశారు. అమ్మకుండా అల్మరాలో అందంగా పేర్చి పెట్టుకుందామంటే నిల్వకు ఆరు నెలల దాకా జైలు, లేదా 50 వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో ఒక్కటి పెడదామంటే ప్రకటన కూడా తయారీతో సమానమైన నేరమే. తయారు చేస్తూ మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల దాకా జైలు, దాంతో పాటు 5 లక్షల దాకా జరిమానా. యంత్రంతో చేసినదానికీ చేత్తో చేసినదానికీ ఈ చట్టంలో తేడా లేదు, ఎర్రచందనానికి మినహాయింపూ లేదు. ఆ కర్ర మీద కేసు వేరే.